పలచని పాలు

"కలిపి చూపించండి," అంది డాక్టర్ చంద్రాకర్.

బల్ల మీద పాలపొడి డబ్బా, పాలసీసా, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ఉన్నాయి. గంట క్రితం అప్పయమ్మే ఆటోలో రైల్వే క్వార్టరుకి వెళ్ళి వాటిని గుడ్డ సంచిలో వేసుకుని తెచ్చింది. డాక్టరమ్మ తెమ్మంది కాబట్టి తెచ్చింది. ఎందుకని అడగలేదు.

"ఇంట్లో రోజూ ఎలా కలుపుతారో అలాగే. నా కోసం కొత్తగా ఏమీ చెయ్యొద్దు," అని డాక్టరమ్మ హిందీలో మళ్ళీ చెప్పింది.

జ్యోతిర్మయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోవాలనిపించడం లేదు. నిన్న పొద్దున తొమ్మిదింటికి, ఒళ్ళో ఉన్న పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కళ్ళు పైకి తేలేసింది. ఎడమ చెయ్యి ఆగకుండా కొట్టుకుంది. బిలాస్‌పూర్ తెలిపారాలోని ఈ పిల్లల ఆసుపత్రికి తెచ్చేలోపు ఆటోలో మరోసారి అలాగే అయింది. ఏడు వారాల బుజ్జమ్మ ఇప్పుడు అద్దాల గది అవతల, పాదానికి సూదితో, కదలకుండా పడుకుని ఉంది.

"నానేనా కలపాల?" అంది అప్పయమ్మ కోడలి వైపు చూసి.

"రోజూ మీరే కదత్తా కలిపేది. మీరే కలపండి."

ఆ మాటలో అనుమానమేమీ లేదు. డబ్బాలో సరుకు చెడిపోయిందో, క్వార్టర్లో నీళ్ళు బాగోలేవో అని మాత్రమే జ్యోతిర్మయి అనుకుంటోంది.

పిల్ల పుట్టినప్పుడు ఆమెకి చాలా రక్తం పోయింది. పాలు పడ్డాయి గాని పిల్లకి చాలినన్ని పడలేదు. నెల నిండేసరికి బరువు పెరగలేదని చూసి, ఈ డాక్టరమ్మే పద్ధతి చెప్పింది. ప్రతిసారీ ముందు తల్లి పాలు, రెండు వైపులా. ఆ తర్వాత పొడి పాలు. రెండూ కావాలి, ఏదీ మానొద్దు.

మూడు వారాలుగా అలాగే నడుస్తోంది. గదిలో జ్యోతిర్మయి పాలివ్వడం ముగించేసరికి అత్తగారు వంటింట్లోంచి సీసా పట్టుకుని వచ్చేది. తల్లి లేని జ్యోతిర్మయికి పురుడు పోసింది అత్తగారే. బుజ్జమ్మకి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టి స్నానం చేయించేది అత్తగారే. ఆ చేతుల్లోంచి సీసా అందుకుంటూ, ఇందులో ఎంత పొడి వేశారని అడగాలని జ్యోతిర్మయికి ఏనాడూ తోచలేదు.

అప్పయమ్మ చేతులు కడుక్కుంది. సీసాని వేడినీళ్ళతో జాడించింది. తొంభై మిల్లీలీటర్ల గీత దాకా నీళ్ళు పోసింది. డబ్బా మూత తీసి, అందులోని చిన్న చెంచాతో పొడి తీసి, అంచుకి రాసి చదును చేసి, సీసాలో వేసింది.

ఒకటి.

తర్వాత డబ్బా మూత పెట్టేసింది.

పీక బిగించి ఊపింది. లోపలి నీళ్ళు బియ్యం కడుగులా కాస్త తెల్లబడ్డాయి.

"బస్? అంతేనా?" అంది డాక్టరమ్మ.

"బస్," అంది అప్పయమ్మ.

"తొంభైకి మూడు వెయ్యాలి. డబ్బా మీద ఉంది, నేను కాగితం మీద కూడా రాసిచ్చాను. మీకు ఎవరూ చెప్పలేదా?"

నలభై ఏళ్ళు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కాపురం చేసిన అప్పయమ్మకి హిందీ అర్థం కాకపోవడమేమీ లేదు. తల వంచుకుంది.

"కోడలు సెప్పింది. మూడని తెలుసు," అంది తెలుగులో. తర్వాత అదే మాట హిందీలోనూ చెప్పింది.

డాక్టరమ్మ ఆమెని ఏమీ అనలేదు. సీసాని ఒకసారి వెలుగుకి ఎత్తి చూసి, జ్యోతిర్మయి వైపు తిరిగింది.

"పిల్ల ఆకలికి ఏడ్చింది. మీరు ఇంకో సీసా ఇచ్చారు. అవునా? మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఇచ్చారు. లోపలికి వెళ్ళిందంతా నీళ్ళే. రక్తంలో ఉప్పు పలచబడిపోయింది. ఇంత చిన్నపిల్ల కిడ్నీలు అన్ని నీళ్ళని బయటికి తొయ్యలేవు. ఫిట్స్ అందుకే వచ్చాయి."

"ఇప్పుడు?"

"ఉప్పు మెల్లగా ఎక్కిస్తున్నాం. తొందరపడితే అదీ ప్రమాదమే."

"మెదడుకి ఏమైనా..." జ్యోతిర్మయి ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యలేకపోయింది.

"ఇవాళ చెప్పలేను. మళ్ళీ ఫిట్స్ రాకుండా రెండు రోజులు గడవాలి. ఆ తర్వాత కూడా నెలనెలా ఎదుగుదల చూసుకుంటూ ఉండాలి."

* * *

వరండాలో బెంచీల నిండా జనం. అప్పయమ్మ ఓ చివర కూర్చుంది. జ్యోతిర్మయి ఆమె ఎదురుగా నిలబడింది.

"ఏటత్తా ఇది?"

అప్పయమ్మ గుడ్డ సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఒక్కటే వేసేవారా? రోజూనా?"

"రోజూ."

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రెండ్రోజులూ సరిగ్గానే ఏసాను. మూడోనాడు పసిగుంట కక్కుకుంది. అప్పట్నుంచి తగ్గించీసినాను."

"కక్కుకుంటే నాకు చెప్పొచ్చు కదా! డాక్టర్ని అడిగేవాళ్ళం కదా!"

అప్పయమ్మ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది.

"కాలనీలో అందరికీ మా కోడలికి బోల్డు పాలని చెప్పుకునేవారు. నేను విననట్టే ఊరుకునేదాన్ని. డబ్బా పాలంటే పరువు తక్కువా? అందుకేనా?"

"కాదే తల్లీ."

"మరెందుకు? సీసా తాగిన గంటకే బుజ్జమ్మ మళ్ళీ ఏడిస్తే, తప్పు నాదే అనుకున్నాను. నా ఒంట్లో పాలు లేవని ఏడ్చేను. మీరు పక్కన కూర్చుని నా తల నిమిరేరు. గుర్తుందా? 'బెంగెట్టుకోకు, పడతాయి' అన్నారు. అప్పుడైనా ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

ఆమె గొంతు పెరిగింది. పక్క బెంచీ మీద ఒకావిడ తన పిల్లాడిని భుజం మార్చుకుని ఇటు చూసింది. జ్యోతిర్మయికి ఎవరు చూస్తున్నదీ పట్టలేదు.

"చెప్పండత్తా. మూడని తెలిసి ఒకటెందుకు వేసేరు?"

అప్పయమ్మ వేళ్ళకి చుట్టుకున్న కొంగు వదిలేసింది.

"ఆ పొడంటే నాకు బయ్యం."

"ఏం భయం?"

"నా కడుపున పెసాదు పడక ముందు నాకో ఆడగుంట పుట్టింది. నీకు తెల్దు. పెసాదుక్కూడా తెల్దు. ఎవులూ సెప్పుకోం."

జ్యోతిర్మయి మెల్లగా బెంచీ మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా ఓ మనిషి పట్టేంత ఖాళీ ఉంచి కూర్చుంది.

"మీ మాఁవ అప్పుడు లోకో షెడ్‌లో ఖలాసీ. గుంటకి మూడో నెల్లో నాకు టైపాయిడ్ జొరం తగిల్నాది. పాలు ఎండిపోనాయి. డబ్బా పాలు పట్టమన్నారు. పట్టీనాను. నా సేత్తోనే పట్టీనాను. బాగా తాగీది. బొద్దుగా అయినాది. అందరూ ముద్దు సేసీవోరు. తరవాత ఇరోచనాలు. మూడ్రోజులు. నాలుగోనాడు పొద్దున్న లేచి సూస్తే..."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"డబ్బా పాలు బరువైపోనాయన్నాది మా అత్త. అంతలేసి పొడి ఎవులు ఎయ్యమన్నారే నిన్ను, అన్నాది. మీ మాఁవ ఏటీ అన్లేదు. సచ్చిపోయీదాకా ఏటీ అన్లేదు. అంటే బాగుణ్ణు."

"పేరేటి?"

"చిన్నతల్లి అనీవోళ్ళం."

వరండా చివర ఎవరో నర్సుని పిలుస్తున్నారు.

"అప్పుడు నీళ్ళెక్కడివి?" అని అడిగింది జ్యోతిర్మయి.

"ఈది కుళాయి. వానాకాలం కదా, ఎర్రగా వచ్చీవి. గుడ్డెట్టి వడకట్టీదాన్ని."

"కాచే..."

జ్యోతిర్మయి ఆ మాటని సగంలోనే మింగేసింది. నీళ్ళు కాచారో లేదో అడగక్కర్లేదు. ఎర్రగా వచ్చిన నీళ్ళు, వడకట్టిన గుడ్డ, మూడు రోజుల విరోచనాలు. ఆ పిల్లని తీసుకుపోయింది పొడి కాదు. నలభై ఏళ్ళుగా ఈ మనిషి నీళ్ళని వదిలి పొడిని చూసి భయపడుతోంది.

చెప్పేస్తే ఏమవుతుంది? చెప్పాలనే ఉంది. ఇప్పుడున్న కోపానికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. అప్పుడూ నీళ్ళే, ఇప్పుడూ నీళ్ళే, రెండుసార్లూ మీ చేత్తోనే అని ఒక్క మాట అంటే చాలు. ఈ మనిషి ఇక్కడే కూలిపోతుంది.

అనలేదు. జాలితోనే ఊరుకుందో, మాట్లాడే ఓపిక లేక ఊరుకుందో ఆమెకే తెలియలేదు.

"ఇకమీదట బుజ్జమ్మ సీసా మీరు ముట్టుకోవద్దు," అంది లేస్తూ.

అప్పయమ్మ తలాడించింది.

* * *

సిస్టర్ ఒక చిన్న స్టీలు గిన్నె ఇచ్చి, తెర వెనక స్టూలు చూపించింది.

"మీరు రాగానే పాలు పిండమన్నారు. గొట్టంతో పట్టిస్తాం. ఎంతొస్తే అంత."

రొమ్ములు రాళ్ళలా బిగిసి ఉన్నాయి. నిన్నటి నుంచి పిల్ల నోరు తగల్లేదు. వేళ్ళు పెట్టగానే నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. పళ్ళు బిగించి నొక్కింది. మొదట చుక్కలుగా, తర్వాత సన్నటి ధారగా వచ్చాయి. ఎడమ వైపు అయ్యాక కుడి వైపు. చేతులు పీకుతున్నా ఆపలేదు.

గిన్నె అడుగున కాసిని పాలు. చూస్తే ఏడుపొచ్చేంత కాసిని.

సిస్టర్ సిరంజితో తీసి కొలిచింది. "పాతిక ఎం.ఎల్. మంచిదే. మిగతాది మేం పొడితో కలుపుతాం."

మంచిదే! నెలరోజులుగా ఆ పాతిక చూసుకుని సిగ్గుపడింది జ్యోతిర్మయి. ఇన్నాళ్ళూ ఆ పిల్ల కడుపులోకి ఎవరూ నీళ్ళు కలపకుండా చేరింది ఇదొక్కటే. ఇన్నాళ్ళూ ప్రాణం నిలిపింది ఈ పాతికేనేమో.

* * *

ఆమె భర్త రాంప్రసాద్ మధ్యాహ్నం పన్నెండు దాటాక వచ్చాడు. గూడ్సు బండిలో అసిస్టెంట్ లోకో పైలట్ అతను. కబురు తెలిసేసరికి షహడోల్ అవతల ఉన్నాడు, తన బదులు బండెక్కే మనిషి దొరకడానికి ఇంతసేపు పట్టింది. డ్యూటీ బ్యాగు భుజానే ఉంది. మొహం నిండా మసి, రెండు రోజుల గడ్డం.

అద్దంలోంచి పిల్లని చూశాడు. అరచెయ్యి అద్దానికి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"డాక్టర్ ఏమంది?"

జ్యోతిర్మయి చెప్పింది. గొంతు పెంచకుండా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. సీసా, తొంభై గీత, ఒక్క చెంచా, ఉప్పు, ఫిట్స్. చిన్నతల్లి మాట మాత్రం ఎత్తలేదు. అది తను చెప్పవలసిన మాట కాదనిపించింది.

రాంప్రసాద్ విని, బెంచీ చివర కూర్చున్న తల్లి మీదకి వెళ్ళాడు.

"అమ్మా! దిమాగ్ ఉందా నీకు?"

అప్పయమ్మ కొడుక్కి చోటిస్తూ పక్కకి జరిగింది.

"డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది కదా! మూడంటే మూడు వెయ్యాలి కదా! నీ ఇష్టం వచ్చినట్టు చేస్తావా? పిల్లకి ఏమైనా అయితే ఎవరు జిమ్మేదార్?"

"నాదే తప్పు బాబూ."

"తప్పంట! ఇప్పుడు తప్పంటావు. మొన్న ఆదివారం వంటింట్లో నేనడిగితే ఏటన్నావు? ఒకటేనా అమ్మా అంటే, పసిగుంట కడుపు, బరువు తట్టుకోదు, నాకు తెల్దేటి అన్నావు కదా! అచ్ఛా, పెద్దదానివి, నీకు తెలుసు కదా అని ఊరుకున్నాను..."

అతని మాట అక్కడ ఆగింది.

అప్పయమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ ముందుగాని, కోడలి ముందుగాని ఆమె ఆదివారం మాట ఎత్తలేదు. తను చేసింది తనదేనని మాత్రమే చెప్పింది. కొడుకు చూశాడని చెప్పలేదు.

జ్యోతిర్మయి మెల్లగా దగ్గరికి వచ్చింది.

"ఆదివారం చూసేరా మీరు?"

"అది కాదు జ్యోతీ..."

"చూసేరా?"

"వాటర్ బాటిల్ నింపుకోడానికి వెళ్ళేను. అమ్మ కలుపుతోంది. చూసేను. మతలబ్... ఇంత అవుతుందని నాకేం తెలుసు?"

"ఒకటే వేసిందని తెలుసు కదా."

"తెలుసు. కానీ..."

"కాగితం ఫ్రిజ్ మీద అంటించింది మీరే కదా."

రాంప్రసాద్ బ్యాగు కింద పెట్టాడు. మళ్ళీ తీసి భుజాన వేసుకున్నాడు.

"సోమవారం మీకు ఫోన్ చేసేను," అంది జ్యోతిర్మయి. "బండి ఎక్కడో లూప్ లైన్లో ఆగి ఉందన్నారు. తీరిగ్గానే మాట్లాడేరు. బుజ్జమ్మ మత్తుగా ఉంది, రొమ్ము పట్టట్లేదు, ఎన్ని గుడ్డలు మార్చినా తడిసిపోతున్నాయి, బరువేం పెరగట్లేదు, నాకు భయంగా ఉంది అన్నాను. మీరేటన్నారో గుర్తుందా?"

అతను బ్యాగు పట్టీ సరిచేసుకున్నాడు.

"'పిల్లలు అలాగే ఉంటారు, ఫోన్లో అవీ ఇవీ చూడ్డం మానెయ్' అన్నారు. అప్పటికి మీరు చూసి ఒక రోజైంది."

"గొడవ అవుతుందని చెప్పలేదు జ్యోతీ!" అతని గొంతు పగిలింది. "నీకు చెప్తే నువ్వు అమ్మని అంటావు. అమ్మ అన్నం మానేసి కూర్చుంటుంది. నేను మూడ్రోజులు బండి మీద ఉంటాను. ఇంట్లో ఉండేది మీరిద్దరే. సంభాళించేదెవరు? ఘర్‌లో శాంతి ఉండాలనుకున్నాను. అంతే."

"శాంతి," అంది జ్యోతిర్మయి.

ఆ ఒక్క మాట అని ఊరుకుంది. అరుస్తుందనుకుని రాంప్రసాద్ ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునన్నట్టు చూశాడు. ఆమె అరవలేదు. పొద్దున అత్తగారి మీద పొంగిన కోపం లాంటిదేదీ ఇప్పుడు రావడం లేదు. ముసలామె భయపడి చేసింది. ఇతనికి ఏ భయమూ లేదు. గుమ్మంలో నిలబడి చూశాడు, బాటిల్ నింపుకున్నాడు, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

"పెసాదుని అనకు," అంది అప్పయమ్మ వెనక నుంచి. "ఆడు అడిగినాడు. నానే నోరు మూయించీసినాను."

"నేనెవర్నీ ఏటీ అనట్లేదత్తా."

* * *

మూడు గంటలకి రెండో రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కొంచెం నయమన్నారు. కొంచెమే. పిల్ల కళ్ళు తెరిచింది, అయితే చూపు ఎక్కడా నిలపడం లేదు. తల్లిని పిలిచి ఓ ఐదు నిమిషాలు రొమ్ము పట్టించి చూద్దామంది డాక్టరమ్మ.

సిస్టర్ ఒక ఫారం పట్టుకుని బయటికి వచ్చింది.

"డిశ్చార్జ్ ఎప్పుడో ఇంకా తెలీదు. కానీ ఇలాంటి కేసుల్లో వివరాలు ముందే రాసుకుంటాం. పిల్లని ఏ ఇంటికి తీసుకెళ్తారు? ఇంట్లో పాలు ఎవరు కలుపుతారు? ఆ మనిషికి ఇక్కడే నేర్పించి పంపాలి. తర్వాత మా వాళ్ళు ఇంటికొచ్చి చూస్తారు."

రాంప్రసాద్ ముందుకొచ్చాడు. "రాసుకోండి సిస్టర్. రైల్వే క్వార్టర్ నంబర్..."

"అది రాయొద్దు," అంది జ్యోతిర్మయి.

సిస్టర్ పెన్ను ఆపింది.

"మోప్కా రాయండి. మా అన్నయ్య ఇల్లు. రాజేంద్ర అని రాయండి, ఫోన్ నంబర్ నేనిస్తాను."

"జ్యోతీ, ఇక్కడా?" రాంప్రసాద్ గొంతు తగ్గించాడు. "అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ఇప్పుడెందుకు ఈ గొడవ?"

"గొడవ చెయ్యట్లేదు. గొడవ మీకు ఇష్టం లేదని ఇందాకే చెప్పేరు కదా. అందుకే మాట్లాడకుండా వెళ్ళిపోతున్నాను."

"పిల్ల నాది కూడా!"

"ఆదివారం కూడా పిల్ల మీదే."

అతను వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

"ఠీక్ హై," అంది సిస్టర్ ఇబ్బందిగా. మోప్కా అని రాసుకుంది. "పాలు కలిపేవాళ్ళ పేరు?"

జ్యోతిర్మయి నోరు తెరిచింది. అన్నయ్య ఇంట్లో వదిన బడికి వెళ్ళిపోతుంది, టీచరు. అన్నయ్యకి కోర్టు పని. పగలంతా ఇంట్లో ఉండేది తనొక్కతే. రొమ్ము పట్టించాలి, పిండాలి, నీళ్ళు కాచాలి, సీసాలు ఉడకబెట్టాలి, మూడు చెంచాలు లెక్కపెట్టాలి. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ. రెండు చేతులతో.

అప్పుడు బెంచీ మీంచి అప్పయమ్మ లేచింది.

కొడుకు చెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఆమె ఆ చెయ్యి తీసుకోలేదు. మోకాళ్ళు పట్టుకుని, తనంతట తనే లేచి, కోడలి దగ్గరికి నడిచి వచ్చింది.

"నన్ను కూడా మోప్కా తీసుకుపో జోతీ."

"అమ్మా!" అన్నాడు రాంప్రసాద్.

ఆమె అటు తిరగలేదు.

"డబ్బా ముట్టుకోను. ఒట్టు. నువ్వు కలుపు, నాను దూరంగా కూకుంటాను. గుడ్డలు ఉతుకుతాను. నీకింత అన్నం వండి పడీసి గుమ్మంలో పడుకుంటాను. నాను సూడాల. మూడు ఏసిన పాలు తాగి గుంట బతకడం నా కళ్ళతో సూడాల. లేకపోతే నాను ఈ బయ్యంతోనే సస్తాను."

"అమ్మా, నేనొక్కణ్ణీ ఆ ఇంట్లో..."

"నువ్వు డూటీకి పో బాబూ," అంది అప్పయమ్మ.

సిస్టర్ పెన్ను ఫారం మీద ఆగి ఉంది. జ్యోతిర్మయి అత్తగారి మొహంలోకి చూసింది. పొద్దున ఇకమీదట సీసా ముట్టుకోవద్దన్న తన మాట గొంతులో ఇంకా ఉంది. రమ్మని అనలేకపోయింది. వద్దని కూడా అనలేకపోయింది.

లోపల అద్దాల గదిలో బుజ్జమ్మ ఏడ్చింది. రెండు రోజుల్లో మొదటిసారి. బలంగా కాదు, పిల్లి కూనలా, ఆగి ఆగి.

జ్యోతిర్మయి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఫారంలో పాలు కలిపేవాళ్ళ పేరు రాయాల్సిన గీత ఖాళీగానే ఉంది.